పారబోయని నీళ్ళు

పోయిన గురువారం పొద్దున రావల్కోల్ నుంచి ఫోన్ వచ్చింది. "అమ్మ వోయింది మేడం" అంది అక్క కూతురు. తర్వాత తనే తేరుకుని చెప్పింది. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉందట. ఆఖరి రోజు కూడా నర్సు సెలైన్ సీసా తగిలించబోతే ఆపి, దాని మీద తారీఖు చదివించుకుని గాని చేయి చాపలేదట. ఆ సంగతి చెబుతూ ఆ అమ్మాయి ఏడుపులోనే నవ్వింది. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా లేవలేకపోయాను.

అక్క అంటే నా తోడబుట్టినది కాదు. మేడ్చల్ దాటాక హైవే నుంచి కాస్త లోపలికి ఒక చిన్న మందుల ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు లేదు. అక్కడి ల్యాబ్‌లో ఆమె అటెండరు. తొంభైల చివర్లో నేను ఎమ్మెస్సీ పాసై అక్కడ చేరేటప్పటికే ఆమె వచ్చి పన్నెండు పదమూడేళ్ళయింది. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. సీసాలు కడగడం, శాంపిళ్ళు మోసుకురావడం కాగితం మీద ఆమె పని. నిజానికి కొత్తగా వచ్చిన ప్రతి కెమిస్టుకూ చేయి తిప్పడం నేర్పింది ఆమే. ల్యాబ్‌లో అందరికీ అక్కే. నాకూ అలాగే అలవాటైంది.

అంత అనుమానం మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. కడిగి బోర్లించిన ఫ్లాస్కును మళ్ళీ కడిగేది. లేబుల్ మీద ఏం రాసి ఉన్నా మూత తీసి, అరచేత్తో గాలిని ముక్కువైపు విసురుకుని చూసేది. తను టీ తాగే గ్లాసు ల్యాబ్ బయట మేకుకు తగిలించి ఉండేది, లోపలికి రానిచ్చేది కాదు. తక్కెడ సున్నా చూపిస్తున్నా దాని మీద ఊది, మళ్ళీ సున్నాకు వస్తుందో లేదో కనిపెట్టేది. మొదట్లో నాకిది చాదస్తంగా అనిపించింది. కొన్నాళ్ళకు మరోలా అనిపించడం మొదలైంది. ఇంత అనుమానం ఉన్న మనిషి మనసులో ఏదో ఉండి ఉండాలి అనుకునేదాన్ని.

నాకు ఆమె నేర్పిన మొదటి పాఠం సెపరేటింగ్ ఫన్నెల్ దగ్గర. బేరిపండు ఆకారంలో ఉండి కింద కొళాయి ఉండే గాజుపాత్ర అది. నీళ్ళూ, నీళ్ళతో కలవని ద్రావకమూ అందులో పోసి కుదిపితే, మనకు కావలసిన పదార్థం తనకు నచ్చిన పొరలోకి వెళుతుంది. కాసేపటికి రెండూ విడిపోతాయి. కింది పొరను కొళాయి తిప్పి దించుకోవచ్చు. నేను కుదిపి, స్టాండుకు పెట్టి, పైపొర నీళ్ళే కదా అని సింకులో పోయబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"నీళ్ళు పైన ఉన్నయా, కింద ఉన్నయా?"

పైనే అన్నాను. ఎట్లా తెలుసంది. పుస్తకంలో ఉందన్నాను. ఆమె ఒక డ్రాపర్‌తో మంచినీళ్ళు తెచ్చి ఒక్క చుక్క పైనుంచి వేసింది. ఆ చుక్క పైపొరలో గుండ్రంగా, పగలకుండా కిందికి జారి, కింది పొరలో కలిసిపోయింది. నీళ్ళు కిందే ఉన్నాయి. ఆ రోజు వాడిన ద్రావకం టోలీన్, నీళ్ళకంటే తేలిక. నేను కాలేజీలో వాడినది మిథిలీన్ డైక్లోరైడ్, నీళ్ళకంటే బరువు. దాన్ని ఫ్యాక్టరీలో ఎండీసీ అనేవారు. "ఏ పొర ఏందో అది జెప్పది బిడ్డా, మనమే అడగాలె" అంది అక్క. తర్వాత ఇంకో మాట అంది. ఇప్పటికీ మా ఇంట్లో వంటింటి సింకు దగ్గర కూడా అది నాకు వినిపిస్తుంది. "సరుకు సేతికొచ్చేదాంక ఏ నీళ్ళూ పారబొయ్యొద్దు."

మేము తయారుచేసేది దగ్గు మందుల్లో వాడే ఒక పదార్థం. గుణానికి అది క్షారం. ఆమ్లం కలిపితే విద్యుదావేశం పుంజుకుని నీళ్ళలో కరిగి కూర్చుంటుంది. కాస్టిక్ సోడా కలిపి పీహెచ్, అంటే క్షారగుణపు కొలత, పెంచితే ఆ ఆవేశం పోయి, నీళ్ళు వదిలి ద్రావకంలోకి మారుతుంది. నేను దీన్ని సమీకరణాలతో చదువుకున్నాను. అక్క ఒక్క వాక్యంలో చెప్పేది: "పులుపు వడితె నీళ్ళల్ల గూసుంటది, సౌడు వడితె లేచి నూనెలకు వోతది." అందుకే ముందు పులుపులో ఉంచి మలినాలను ద్రావకంతో కడిగేసేవాళ్ళు. తర్వాత కాస్టిక్ పోసి పీహెచ్ పదికి తెచ్చి, అసలు సరుకును ద్రావకంలోకి లాగేవాళ్ళు. మిగిలిన నీళ్ళు వ్యర్థాల ట్యాంకుకు పోయేవి.

నేను చేరడానికి కొద్దినెలల ముందే ఆ లాగే ద్రావకాన్ని ఎండీసీ నుంచి టోలీన్‌కు మార్చారు. ఎండీసీ వాసనకు పనివాళ్ళకు తల తిరుగుతోందని, ఊరివాళ్ళు ఫిర్యాదు చేస్తున్నారని కారణం. మొదట అంతా బాగానే నడిచింది. వానాకాలం చివర్లో దిగుబడి తగ్గడం మొదలైంది. ఒక బ్యాచ్‌లో కాస్త, తర్వాతి బ్యాచ్‌లో ఇంకాస్త. వేసిన ముడిసరుకు లెక్కకు వచ్చిన పొడి సరిపోవడం లేదు. బ్యాచ్ కాగితాల్లో ఏ తప్పూ లేదు. పీహెచ్ పది అని ప్రతిదాంట్లోనూ ఉంది.

ఒక మధ్యాహ్నం మేనేజర్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేయించారు. ఆయనది గుంటూరు వైపు, మాది తెనాలి దగ్గర. నాన్నగారి ఉద్యోగం వల్ల కొంపల్లిలో ఇల్లు కట్టుకున్నాం. సరుకు ఎవరో బయటికి పట్టుకుపోతున్నారని ఆయన అనుమానం. మన అమ్మాయివి కాబట్టి చెబుతున్నాను, ఎవరి సంచీలో ఏముందో ఓ కంట కనిపెట్టు అన్నారు. 'మన' అన్న మాటలో ఎవరున్నారో, ఎవరు లేరో నాకు తెలుసు. తెలిసీ తలూపాను. పైపెచ్చు కాస్త గర్వపడ్డాను కూడా.

ఆ రోజు నుంచి నా కళ్ళు మారిపోయాయి. ఎవరు నవ్వినా ఎందుకు నవ్వారో చూసేదాన్ని. పొడి ఆరబెట్టే గదిలోంచి వచ్చేవాళ్ళ జేబులు చూసేదాన్ని. అందరికంటే ఎక్కువగా అక్కను చూశాను. భోజనాల వేళ అందరూ క్యాంటీన్‌కు వెళ్ళాక ఆమె వ్యర్థాల ట్యాంకు వైపు నడిచేది. నేను వస్తే మాట మార్చేది. ఇంతకుముందు నా ముందు చేసే పనులను ఇప్పుడు నాకు వీపు తిప్పి చేసేది. అంతకు రెండు వారాల ముందు సింకు కింద ఏవో నంబర్లు తప్ప పేరు రాయని సీసాలు కనబడితే, శుభ్రత పేరుతో నేనే వాటిని పారబోయించాను. అప్పుడామె ముఖం మాడిపోయింది. ఆ ముఖం ఇప్పుడు నాకు సాక్ష్యంలా తోచింది.

ఒక బుధవారం కిటికీలోంచి చూశాను. ట్యాంకు పక్క గొట్టం దగ్గర వంగి, గోధుమరంగు సీసాలు రెండు నింపి, మూతలు బిగించి, చీర చెంగుతో తుడిచి టిఫిను సంచీలో పెట్టుకుంది. చుట్టూ ఒకసారి చూసింది. దొంగ చూసినట్టే చూసింది. నేను నేరుగా మేనేజర్ గారి గదికి వెళ్ళాను.

సాయంత్రం అయిదింటికి కంపెనీ బస్సు ఆగి ఉంది. అందరూ ఎక్కుతున్నారు. గేటు దగ్గర అక్క సంచీ తెరిపించారు. సెక్యూరిటీ అతను ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టాడు. టిఫిను డబ్బా, గొడుగు, అట్ట ఊడిన బైబిలు, రెండు సీసాలు. ఇవేంటని మేనేజర్ గారు అడిగారు.

"నీళ్ళు సార్. మనం పారబోసే నీళ్ళు."

బస్సు కిటికీల్లోంచి ఎవరో నవ్వారు. పారబోసే నీళ్ళు ఇంటికెందుకు అని ఆయన అడిగారు. అక్క ఆయన్ని చూసింది. ఆయన వెనక నిలబడ్డ నన్ను చూసింది.

"పారబోసినంక తిరిగి రాదు గద సార్. అందుకని దాసిన."

పిలిచేదాకా పనికి రావద్దన్నారు. ఆమె వస్తువులన్నీ సంచీలో సర్దుకుని, సీసాలు బల్ల మీదే వదిలేసి, బస్సెక్కకుండా హైవే వైపు నడిచి వెళ్ళిపోయింది. బస్సు ఆమె పక్కనుంచే వెళ్ళింది. నేను అటువైపు సీట్లో కూర్చోలేదు.

మర్నాడు మేనేజర్ గారు ఆ సీసాలు నాకిచ్చి, అందులో మన సరుకు ఉన్నట్టు కాగితం రాసివ్వమన్నారు. మూత తీస్తే మామూలు వ్యర్థపు నీళ్ళ వాసనే. కాస్త నీళ్ళు ఫన్నెల్‌లో పోసి, టోలీన్‌తో కుదిపి, టోలీన్ ఆవిరి చేశాను. గిన్నె అడుగున పలచని చార మిగిలింది. ఆ పాటి జాడ వ్యర్థాల్లో ఉండనే ఉంటుంది. దొంగతనం చేసే మనిషి దీన్నెందుకు మోసుకెళుతుంది? నా అనుమానం అప్పుడు మొదటిసారి తడబడింది. అడగాల్సిన విధంగా అడిగానా అనిపించింది.

మిగిలిన నీళ్ళలో కాస్టిక్ చుక్కలు వేశాను. నాలుగో చుక్కకు అడుగున తెల్లటి మబ్బు లేచింది. ఇంకొన్ని వేస్తే నీళ్ళన్నీ పాలయిపోయాయి. అలమారాలో మిగిలిన పాత ఎండీసీ తెచ్చి కుదిపాను. పొరలు విడిపోక మీగడలా కట్టుకుంటే, అక్క చేసేటట్టు చిటికెడు ఉప్పు వేసి ఆగాను. విడిపోయాయి. కింది పొర దించి ఆవిరి చేస్తే గిన్నెలో నూనె మిగిలి, చల్లారుతుంటే స్ఫటికాలు కట్టింది. మూడుసార్లు తూచాను. ట్యాంకుకు పోయే నీళ్ళ కొలతతో హెచ్చించి చూస్తే, బ్యాచ్‌లో తగ్గిన సరుకంతా దాదాపు అక్కడే ఉంది. దొంగ లేడు. సరుకు నీళ్ళలోనే ఉండిపోతోంది, మేము పారబోస్తున్నాం.

అయితే పీహెచ్ పది దగ్గర అది నీళ్ళలో ఎందుకు ఉంటుంది? రెండో సీసాలో పీహెచ్ మీటరు ముంచాను. పది అంది. పీహెచ్ కాగితం ముంచితే రంగు అంత ముదురు రాలేదు. రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతోంది. మీటరును సరిచేసే బఫర్ ద్రావణం సీసా తీశాను. దాని పీహెచ్ కచ్చితంగా పది అని నమ్మి, మీటరును దానికి సర్దుతాం. సీసా మీద తారీఖు ఈ నెలదే. కింద సంతకం నాది.

ఆ తారీఖు నేను వేసిందే. బఫర్ మాత్రం కొత్తది కాదు. నెలనెలా బఫర్ మాత్రను నీళ్ళలో కరిగించి కొత్తది చేయాలి. ఒకసారి బస్సు వెళ్ళిపోతుందన్న తొందరలో పాత సీసా మీదే కొత్త తారీఖు వేశాను. ఏమీ కాలేదు. తర్వాతి నెల కూడా అలాగే వేశాను. మూత వదులుగా ఉన్న ఆ సీసా నెలల తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, పది నుంచి మెల్లగా దిగజారింది. దిగజారినదాన్ని పది అనుకోమని నేను మీటరుకు నేర్పాను. మీటరు అదే మాట ప్లాంటుకు చెప్పింది. వాళ్ళు కాస్టిక్ పోయడం ముందే ఆపేశారు. ఎండీసీ ఉన్న రోజుల్లో అయితే ఆ తేడా బయటపడేది కాదేమో. మా సరుకును అది గట్టిగా లాగుతుంది, పీహెచ్ కాస్త తక్కువైనా చాలావరకు తెచ్చేస్తుంది. టోలీన్‌కు అంత బలం లేదు. దానికి పీహెచ్ సరిగ్గా ఉండి తీరాలి.

కొత్త మాత్ర కరిగించి, మీటరును మళ్ళీ సర్ది, సీసాలో ముంచాను. అంకె తొమ్మిది కాస్త దాటి ఆగింది. చాలాసేపు ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను.

సగం రోజు సెలవు పెట్టి ఆటోలో రావల్కోల్ వెళ్ళాను. అక్క వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. చాట పక్కన పెట్టి పీట వేసింది. నేను చెప్పిందంతా విని లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి మరో మూడు సీసాలు తెచ్చి నా ముందు వరసగా పెట్టింది. ఒక్కోదాని మీద బ్యాచ్ నంబరు, తారీఖు. కాస్టిక్ వేస్తే నీళ్ళు తెల్లబడటం ఆమె నెల కిందటే చూసిందట. ఒక్కసారి చూసింది నమ్మకూడదని దాచడం మొదలుపెట్టిందట. ల్యాబ్‌లో దాచినవి మాయమైపోతే ఇంటికి మోసుకుపోయిందట. ఆ మాయం చేసింది నేనే.

నా మీద అనుమానం రాలేదా అని అడిగాను.

"నీ మీదనే ఉండె. పాత సీస మీద తారీఖు ఏస్తుంటె సూసిన."

మరి సార్‌కు చెప్పలేదేమని అడిగాను. ఆమె చాట మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"తొందరల జేసినవా, కావాలని జేసినవా నాకెర్క లేకుండె. సీసను ఎంతన్న అనుమానం వడొచ్చు బిడ్డా, దానికి ఇజ్జత్ లేదు. మనిషి పేరు తీసుడంటె మంచిగ ఎర్కయినంక తియ్యాలె."

ఆమె నా తప్పును కళ్ళతో చూసి కూడా నెల రోజులు నా పేరు ఎత్తలేదు. నేను కిటికీలోంచి చూసింది ఒక్క నిమిషం, ఆ నిమిషంలోనే ఆమె పేరు చెప్పేశాను.

మర్నాడు మేనేజర్ గారికి చెప్పాను. ఆయన చాలాసేపు బల్ల మీద వేలితో కొట్టి, బఫర్ సంగతి వదిలెయ్యమ్మా, మీటరు పాడైందని రాద్దాం అన్నారు. నేను ఒప్పుకున్నాను. దీన్ని దాచి ఈ నాలుగు మాటలు రాస్తే ఆమె గురించి రాసినట్టు కాదు. ఒప్పుకున్నాను.

అక్కను తిరిగి పిలిచారు. బ్యాచులు కుదుటపడ్డాయి. కానీ గేటు దగ్గర చూసినవాళ్ళకు మీటరు కథ చాలలేదు. ఆ సీసాల్లో ఏదో ఉంది, పెద్దవాళ్ళు కప్పిపుచ్చారు అనుకున్నారు. క్యాంటీన్‌లో ఆమె కూర్చున్న బల్ల ఖాళీ అయ్యేది. చర్చిలో కూడా ఎవరో అడిగారని తర్వాత తెలిసింది. అక్క ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. సాయంత్రం గేటు దగ్గర ఎవరూ అడగకుండానే సంచీ తెరిచి, వస్తువులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి చూపించి, మళ్ళీ సర్దుకుని బస్సెక్కేది. సెక్యూరిటీ అతనే సిగ్గుపడి వద్దులే అనేవాడు. ఆమె మానలేదు. నేను ఆమె వెనక వరసలో నిలబడేదాన్ని.

పదకొండో రోజు నా వల్ల కాలేదు. జరిగింది జరిగినట్టు ఒక తెల్లకాగితం మీద రాసుకుని, శనివారం ప్లాంటు వాళ్ళందరూ చేరే మీటింగులో లేచి చదివాను. బఫర్ సీసా, తారీఖులు, సంతకం, అక్క పేరు చెప్పింది నేనేనన్న సంగతి, అన్నీ. మేనేజర్ గారు నా వంక చూడలేదు. సోమవారం నాకు మెమో ఇచ్చారు, ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆపారు. ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో అక్క వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మీటింగు ఊసే ఎత్తలేదు. జొన్నరొట్టె ముక్క తుంచి నా గిన్నెలో పెట్టి, "ఇగ తిను, సల్లగయితె గట్టివడ్తది" అంది. ఆ సాయంత్రం గేటు దగ్గర సంచీ తెరవలేదు.

ఆ తర్వాత ఆరేళ్ళు ఆమె పక్కనే పనిచేశాను. నా చేతి కింద పనిచేసినవాళ్ళంతా నన్ను అనుమానపు మనిషి అనేవారు. నిజమే. నాకది ఆమె నుంచి వచ్చింది. ఆ అనుమానం మనుషుల మీదికి పోబోతున్నప్పుడు ఆగడం మాత్రం ఇప్పటికీ నేర్చుకుంటూనే ఉన్నాను. ఆమెకు ఆ కష్టం ఉండేదో లేదో నాకు తెలియదు. అడగలేదు.

శుక్రవారం మట్టి ఇవ్వడానికి వెళ్ళాను. జనం బాగానే వచ్చారు. ఫ్యాక్టరీ మూతపడి చెదిరిపోయినవాళ్ళు కూడా కొందరు కనబడ్డారు. నాకైతే ఆ పెట్టెలో ఉన్న ముఖం కన్నా రెండేళ్ళ కిందట చూసిన ముఖమే నిలిచిపోయింది.

అది ఒక ఆదివారం. పిల్లలతో శామీర్‌పేట చెరువు చూడటానికి వెళ్ళాం. కట్టకు కాస్త దూరంలో తెల్లబట్టలు కట్టుకున్న కొందరు నిలబడి పాట పాడుతున్నారు. బాప్తిస్మం ఇస్తున్నారు. పాస్టరు గారు లోపల నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఒడ్డుకూ ఆయనకూ మధ్య, మోకాళ్ళు దాటిన నీళ్ళలో, భుజాన తువ్వాలుతో అక్క ఉంది. వచ్చే ఆడవాళ్ళను చేయి పట్టి తీసుకెళ్ళడం, తడిసి తిరిగి వచ్చేవాళ్ళకు తువ్వాలు కప్పడం ఆమె పని. ఒక ముసలావిడ నీళ్ళంచున ఆగిపోయింది. పాదం పెట్టి తీసేస్తోంది. అక్క తొందర పెట్టలేదు. ముందు తను రెండడుగులు లోపలికి వేసి, కాలితో నేల తడిమి చూసుకుని, వెనక్కి తిరిగి చేయి చాపింది. ముసలావిడ ఇంకా కదల్లేదు. పాట ఆగిపోయింది. అందరూ చూస్తున్నారు. అక్క చాపిన చేయి అలాగే ఉంచి, ఆ నీళ్ళలో నిలబడే ఉంది.